చెవిలో ఆవాల చిటపట

వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్‌లో రొద మొదలైతే కొత్తవి కొనడం ఒక్కటే దారి కాదు. అది ఏ రకం చప్పుడో, ఎప్పుడు వస్తోందో పట్టుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే.

“ఏరా, ఇందులో ఆవాలు వేగుతున్నాయి చూడు!”

అమ్మ చెవిలోంచి ఇయర్‌బడ్ తీసి నా చేతిలో పెట్టింది. సాయంత్రం వంట చేసుకుంటూ ప్రవచనం వినడం ఆమెకు అలవాటు. ఫోను హాల్లో వైఫై రూటర్ పక్కన చార్జింగ్‌లో ఉంటుంది. హాల్లోనే నిలబడి నా చెవికి పెట్టుకుని చూశాను. ప్రవచనం శుభ్రంగా వినబడుతోంది. తిరిగి ఇచ్చేశాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో, “ఇదిగో, మళ్లీ చిటపట” అని వంటింట్లోంచి పిలుపు.

నాలుగు రోజులు ఇదే వరస. కొత్తవి కొందామని ఫోన్లో వెతకడం కూడా మొదలుపెట్టాను. అయిదో రోజు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని అమ్మనే గమనిస్తూ కూర్చున్నాను. హాలు వైపు తిరిగి కూరగాయలు తరుగుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. పొయ్యి వైపు తిరిగిందంటే చాలు, చిటపట మొదలు. హాల్లో ఉన్న ఫోనుకూ ఆమె చెవులకూ మధ్య అప్పటికే ఒక గోడ ఉంది. పొయ్యి వైపు తిరిగినప్పుడు ఆమె తలే రెండో గోడ అవుతోంది. ఫోనును తెచ్చి, పొయ్యి సెగ తగలకుండా వంటింటి అలమరలో పెట్టాను. చిటపట ఆగిపోయింది.

ఖర్చు సున్నా. పట్టిన సమయం పావుగంట. పారేయబోయిన వస్తువులో అసలు ఏ లోపమూ లేదు. ఇలా ఏ లోపమూ లేకుండానే డ్రాయర్లలో మూలపడుతున్న హెడ్‌ఫోన్స్ ప్రతి ఇంట్లో ఒక జత అయినా ఉంటాయేమో అనిపించింది. ఈ కథనం వాటి కోసమే.

మూడు చప్పుళ్లు, మూడు కారణాలు

ఆ తర్వాత కొన్ని నెలల్లో అమ్మ ఇంకో రెండు రకాల ఫిర్యాదులు చేసింది. ఒకసారి “కుక్కర్ కూతకు ముందు వచ్చే బుసలా ఉంది” అంది. మరోసారి “పగిలిన డప్పులా బరబర” అంది. ఆమె పెట్టిన ఈ మూడు పేర్లకు మించిన వర్గీకరణ నాకు ఏ మాన్యువల్‌లోనూ కనబడలేదు. మాట మధ్యలో తెగుతూ వచ్చే చిటపటకు కారణం చాలావరకు గాలిలో ఉంటుంది. ఆగకుండా సన్నగా వినిపించే బుసకు కారణం పరికరం లోపలి సర్క్యూట్లో ఉంటుంది. శబ్దం పెరిగినప్పుడల్లా వచ్చే బరబరకు కారణం స్పీకరు మీదో, దాని ముందున్న జాలీలోనో ఉంటుంది.

రొదను ఇలా విడగొట్టి విన్న ఒక మనిషి వల్ల ఖగోళశాస్త్రంలో కొత్త శాఖే పుట్టింది. 1930ల మొదట్లో అమెరికాలోని న్యూజెర్సీలో, బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీ అనే యువ ఇంజినీరు ఉండేవారు. సముద్రం మీదుగా సాగే రేడియో టెలిఫోన్ సంభాషణల్లో గరగర ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టమని ఆయనకు పని అప్పగించారు. గుండ్రంగా తిరిగే పెద్ద ఏంటెన్నా కట్టి, నెలల తరబడి విని, ఆయన రొదను మూడు రకాలుగా విడదీశారు. దగ్గరి ఉరుములది ఒకటి, దూరపు ఉరుములది ఒకటి. మూడోది కారణం తెలియని సన్నటి, ఎడతెగని బుస. ఆ బుస 23 గంటల 56 నిమిషాలకోసారి హెచ్చుతోందని గమనించారు. భూమి నక్షత్రాల లెక్కన ఒక చుట్టు తిరిగే కాలం అదే. అంటే ఆ శబ్దం భూమిది కాదు, సూర్యుడిదీ కాదు. పాలపుంత నడిబొడ్డు నుంచి, ధనూరాశి దిక్కు నుంచి వస్తోంది. 1933లో ఆయన ప్రకటించిన ఈ సంగతే రేడియో ఖగోళశాస్త్రానికి నాంది. ఆయన చేసిందల్లా చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎటు నుంచి వస్తోంది, ఎలా ఉంది అని ఓపిగ్గా వినడమే. హెడ్‌ఫోన్స్ బాగుచేయాలన్నా కావలసింది ఆ ఓపికే.

రేడియో గరగర వేరు, బ్లూటూత్ చిటపట వేరు

1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైన నాటి నుంచి మనవాళ్లు మీడియం వేవ్ గరగరతో సహజీవనం చేశారు. వేసవి మబ్బుల్లో మెరుపు మెరిస్తే రేడియోలో ఫెళ్లుమనేది. పక్కింట్లో మిక్సీ వేస్తే వార్తల మీద గుర్రుమనేది. ఆ పద్ధతిలో రేడియో తరంగం ఎత్తు పల్లాలే పాటగా మారతాయి. కాబట్టి మెరుపు పుట్టించిన తరంగం కూడా పాటతోపాటు నేరుగా చెవిలోకి వచ్చేస్తుంది.

బ్లూటూత్‌లో అలా జరగదు. ఫోను పాటను అంకెలుగా మార్చి, చిన్న చిన్న పొట్లాలు కట్టి పంపుతుంది. ఏ పొట్లమైనా దారిలో చెడిపోతే హెడ్‌ఫోన్ దాన్ని వాడదు, మళ్లీ పంపమని అడుగుతుంది. ఈలోగా ముందే దాచుకున్న కాస్త నిల్వతో పాటను నడిపిస్తుంది. ఆ నిల్వ కూడా అయిపోతే పాటలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ అంచులే మనకు టప్‌మనీ, చిట్‌మనీ వినిపిస్తాయి. అవి వరసగా వస్తే ఆవాలు వేగినట్టే ఉంటుంది.

ఇందులోంచి ఎంతో పనికొచ్చే సూత్రం ఒకటి తేలుతుంది. గాలిలోని ఆటంకం బ్లూటూత్ పాటను తెంపగలదు గానీ, దాని మీద నిలకడైన బుసను పూయలేదు. మీకు వినిపించేది తెగుతున్న శబ్దమైతే ఫోను, గది, చుట్టుపక్కల వస్తువుల మీద దృష్టి పెట్టండి. ఆగని బుసైతే వాటిని వదిలేసి హెడ్‌ఫోన్‌నే పట్టించుకోండి.

2.4 గిగాహెర్ట్జ్ సంత

బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో. పరిశ్రమలకు, శాస్త్ర పరిశోధనకు, వైద్యానికి అని అంతర్జాతీయంగా కేటాయించిన పట్టీ ఇది. తక్కువ శక్తితో నడిచే పరికరాలకు ఇక్కడ లైసెన్సు అక్కర్లేదని మన దేశంలో 2005లో నిబంధన వచ్చింది. అద్దె లేని సంతలో అందరూ దుకాణం పెట్టినట్టు వైఫై రూటర్లు, వైర్‌లెస్ మౌసులు, కీబోర్డులు, స్మార్ట్ బల్బులు, మైక్రోవేవ్ ఒవెన్లు అన్నీ ఇక్కడే చేరాయి.

ఈ రద్దీలో మాట నిలబెట్టుకోవడానికి బ్లూటూత్ ఒకచోట ఉండకుండా గెంతుతుంది. హెడ్‌ఫోన్స్ వాడే సంప్రదాయ బ్లూటూత్‌లో 79 చానళ్లు ఉంటాయి. ఫోను, హెడ్‌ఫోను ముందే ఒప్పందం చేసుకున్న వరసలో సెకనుకు 1600 సార్లు వరకు చానళ్లు మారుస్తాయి. రద్దీగా ఉన్న చానళ్లను గుర్తించి వదిలేసే తెలివి 2003లో వచ్చిన 1.2 వెర్షన్‌తో అబ్బింది. ఈ గెంతే ఉపాయంతో 1942లోనే ఒక పేటెంటు ఉంది. దాన్ని పొందినవారు హాలీవుడ్ తార హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. శత్రువులు టార్పెడోను దారి తప్పించకుండా, పియానో మెట్లలాగే 88 పౌనఃపున్యాల మధ్య సంకేతాన్ని గెంతించాలని వాళ్లు ప్రతిపాదించారు.

ఇంత తెలివి ఉన్నా బ్లూటూత్ గొంతు చాలా చిన్నది. ఎక్కువ పరికరాల్లో దాని శక్తి 2.5 మిల్లీవాట్లు, చేరే దూరం సుమారు 10 మీటర్లు. ఆ 10 మీటర్లు కూడా అడ్డేమీ లేనప్పటి లెక్క. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు కాబట్టి ఈ తరంగాలను బాగా పీల్చేస్తుంది. ఫోను ప్యాంటు ఎడమ జేబులో ఉండి, సంకేతాన్ని అందుకునే బడ్ కుడిచెవిలో ఉంటే నడుమ నిండు మనిషి అడ్డు. జేబు మారిస్తే చిటపట పోతుందన్నది అక్షరాలా నిజం. గదిలోనైతే గోడలకు తగిలి తిరిగొచ్చే తరంగాలు కొంత ఆదుకుంటాయి. ఆరుబయట మైదానంలో ఆ సాయం ఉండదు. ఇంట్లో బాగున్నవి పార్కులో నడుస్తుంటే తెగడానికి కారణం ఇదే.

మైక్రోవేవ్ ఒవెన్ పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర. దాని తలుపు అంచుల నుంచి బయటపడే కాస్త తరంగం పరిమితుల్లో ఉన్నంతవరకు మనిషికి హాని చేయదు. కానీ బ్లూటూత్ చిన్న గొంతును మింగేయడానికి అది చాలు. ఒవెన్ నడుస్తున్నప్పుడే చిటపట వస్తుంటే అవతలికి జరగండి, అంతకుమించి చేయాల్సింది లేదు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు తెలియాల్సిన దొంగ మరొకటి ఉంది. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటి కేబుళ్లు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోకి రొద చిమ్ముతాయని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరించింది. లాప్‌టాప్‌కు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టి, పక్క పోర్టులోనే హెడ్‌ఫోన్ డాంగిల్ గుచ్చితే శబ్దం తెగడం సహజం. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ను అరమీటరు దూరంగా పెడితే చాలు. ఫోను, లాప్‌టాప్‌ల వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం మరో మంచి పని. చాలా రూటర్లలో ఆ సదుపాయం ఉంటుంది. దానితో సంతలోంచి పెద్ద దుకాణం ఒకటి తప్పుకున్నట్టే.

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో సాయంత్రం వేళ రెండు లైన్ల జనం కలిసేచోట నిలబడితే నా హెడ్‌ఫోన్స్ తెగేవి. చుట్టూ వందల చెవుల్లో అవే పరికరాలు మరి. అక్కడ పనికొచ్చింది కోడెక్ మార్పు. కోడెక్ అంటే పాటను పొట్లం కట్టే పద్ధతి. సోనీ రూపొందించిన ఎల్‌డాక్ గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపుతుంది. మామూలు ఎస్‌బీసీ పంపేది 328 వరకు. దారి రద్దీగా ఉన్నప్పుడు పెద్ద పొట్లాలు ఇరుక్కుంటాయి. ఫోను సెట్టింగ్స్‌లోనో, హెడ్‌ఫోన్ యాప్‌లోనో శబ్ద నాణ్యత కంటే కనెక్షన్ నిలకడకు ప్రాధాన్యం ఇచ్చే ఎంపిక ఉంటే అది నొక్కండి. రైలు హోరులో ఆ నాణ్యత తేడా ఎలాగూ వినబడదు.

కాల్ రాగానే గొంతు మారిందా?

పాటలు బాగుంటాయి, ఆఫీసు మీటింగ్ మొదలవగానే శబ్దం డొక్కు టెలిఫోన్‌లా మారిపోతుంది. ఇది చాలామందికి ఎదురయ్యే సమస్య. ఇందులో చెడిపోయిందేమీ లేదు. సంప్రదాయ బ్లూటూత్‌లో పాటలు వినిపించే పద్ధతి ఒకటి, మైకు కూడా వాడే పద్ధతి వేరొకటి. పాట సాధారణంగా సెకనుకు 44,100 నమూనాలతో వస్తుంది. మైకు తెరిచిన క్షణాన అది 16,000కో, పాత పరికరాల్లో 8,000కో పడిపోతుంది. మందు సులువు. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో మైకుగా లాప్‌టాప్ సొంత మైకును, స్పీకరుగా హెడ్‌ఫోన్స్‌ను ఎంచుకోండి. శబ్దం వెంటనే తేటపడుతుంది.

బుస కొట్టే హెడ్‌ఫోన్స్

ఇక రెండో రకం. పాట ఆపినా, ఫోను పక్కనే ఉన్నా సన్నగా బుస వినిపిస్తుంటే అది హెడ్‌ఫోన్ లోపలి యాంప్లిఫయర్‌ది, లేదా నాయిస్ క్యాన్సిలేషన్ మైకులది. 1978లో జ్యూరిక్ నుంచి అమెరికా వెళ్తున్న విమానంలో బోస్ ఆడియో సంస్థ స్థాపకుడు అమర్ బోస్‌కు ఈ నాయిస్ క్యాన్సిలేషన్ ఆలోచన మెదిలింది. బయటి శబ్దాన్ని మైకు విని, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని పుట్టించి, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా చేయడం దీని కిటుకు. ఏ మైకుకైనా తనదంటూ కొంచెం బుస ఉంటుంది. నిశ్శబ్దమైన గదిలో అదే పైకి తేలుతుంది. ఆ సదుపాయం ఆపి చూడండి. బుస తగ్గితే అది పరికరం స్వభావమే, రోగం కాదు.

అయితే నాయిస్ క్యాన్సిలేషన్ వేసినప్పుడు బుసకు బదులు చిటపట వస్తే, నడుస్తున్నప్పుడో మాట్లాడుతున్నప్పుడో అది పెరిగితే, అనుమానించాల్సింది మైకునే. ముందు మైకు రంధ్రాల మీది దుమ్ము మెత్తని బ్రష్‌తో తుడవండి. అయినా పోకపోతే తయారీ లోపం కావచ్చు. 2020 అక్టోబర్‌కు ముందు తయారైన ఎయిర్‌పాడ్స్ ప్రోలో కొన్నింటికి సరిగ్గా ఈ లక్షణాలే ఉన్నాయని ఆపిల్ ఒప్పుకుని, వాటికి ఉచిత సర్వీసు ప్రకటించింది. తప్పు ప్రతిసారీ వాడేవాళ్లది కాదు.

మరొక్క సంగతి. 1950ల నాటి పాట వింటూ వెనక సన్నటి చిటపట వినిపిస్తే హెడ్‌ఫోన్స్‌ను నిందించకండి. చాలా పాత పాటలు గ్రామఫోన్ రికార్డుల నుంచే డిజిటల్‌లోకి వచ్చాయి. ఆ చప్పుడు ముల్లు గీసిన గీతది.

బరబరకు బ్రష్ వైద్యం

మూడో రకానికి మూలం చాలాసార్లు గులిమి, చెమట, నూనె మరక. అమ్మ ఎడమ ఇయర్‌బడ్‌లో బరబర వచ్చినప్పుడు సిలికాన్ టిప్ ఊడదీసి టార్చి వేసి చూస్తే జాలీ సగం మూసుకుపోయి ఉంది. బడ్‌ను జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో తేలిగ్గా దులపాలి. టిప్‌ను మాత్రం సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరబెట్టవచ్చు. జాలీ చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కాస్త తడిపిన దూదిపుల్లతో తుడవవచ్చు గానీ చుక్క కూడా లోపలికి దిగకూడదు. పిన్నీసుతో పొడవడం, నోటితో గట్టిగా ఊదడం, నీళ్లలో ముంచడం, బియ్యం డబ్బాలో పెట్టడం ఇవేవీ చేయకండి. ఐపీఎక్స్4 అని రాసి ఉంటే చిందే నీటిని తట్టుకుంటుందని మాత్రమే అర్థం, మునిగినా ఏమీ కాదని కాదు.

శుభ్రం చేశాక కూడా ఒక వైపే, ముఖ్యంగా బేస్ శబ్దాలకు బరబరమంటే స్పీకరు పొర దెబ్బతిన్నట్టు. దానికి ఇంటి వైద్యం లేదు.

ఇంట్లోనే అరగంట పరీక్ష

1. అదే పాటను ఫోను సొంత స్పీకరులో వినండి. అక్కడా రొద ఉంటే తప్పు పాటది.
2. ఫోను చేతిలో పట్టుకుని, హెడ్‌ఫోన్స్‌కు ఎదురుగా ఒక మీటరు లోపు దూరంలో వినండి. రొద పోతే తప్పు దూరానిది, అడ్డంకులది.
3. ఫోనులో డౌన్‌లోడ్ చేసిన పాట వినండి. ఆన్‌లైన్ పాటే తెగుతుంటే తప్పు ఇంటర్నెట్‌ది.
4. బ్యాటరీ నిండా చార్జ్ చేసి చూడండి. చార్జి అడుగంటినప్పుడు కొన్ని పరికరాలు తడబడతాయి.
5. హెడ్‌ఫోన్స్ ఒకేసారి రెండు పరికరాలకు కలిసి ఉంటే ఒకదాన్ని విడదీయండి.
6. వేరే ఫోనుకు కలిపి చూడండి. అక్కడ బాగుంటే మీ ఫోనులో ఆ జతను పూర్తిగా తొలగించి మళ్లీ కలపండి.
7. కంపెనీ యాప్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయండి. చివరగా, మాన్యువల్‌లో చెప్పినట్టు రీసెట్ చేయండి.

ఒకసారి ఒక్క మార్పే చేయండి, చేశాక కాసేపు వినండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

షాపుకు వెళ్లాల్సి వస్తే

ఈ ఏడు మెట్లూ ఎక్కినా రొద పోకపోతే, మీరు చేసిన పరీక్షల ఫలితాలు ఒక కాగితం మీద రాసుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. “నాయిస్ వస్తోంది” అనేకంటే “రెండు ఫోన్లతో చూశాను, ఎడమ వైపే, బేస్ పెరిగినప్పుడే వస్తోంది” అంటే అవతలివాళ్లు తప్పించుకోలేరు. ఆ చప్పుడును వేరే ఫోనుతో రికార్డు చేసుకోవడం ఇంకా మంచిది. వారంటీలో ఉన్నా కాదన్నారంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వస్తువును బాగుచేయించుకునే హక్కు మీద కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. వారంటీ దాటినవాటిని పనితెలిసిన మెకానిక్‌కు చూపించండి. పెద్ద హెడ్‌ఫోన్స్‌లో స్పీకరు, బ్యాటరీ మార్చే అవకాశం ఉంటుంది. చిన్న ఇయర్‌బడ్స్ జిగురుతో అతికించి ఉంటాయి కాబట్టి తెరవడం కష్టం. కొనేముందే ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక పనికిరాదని తేలినా చెత్తబుట్టలో వేయకండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది. చెత్త బండిలో నలిగితే అది అంటుకోగలదు. ఈ-వేస్ట్ తీసుకునే కేంద్రానికే ఇవ్వండి.

అన్నిటికంటే ముందు చెవులు

రొదను కప్పేయడానికి చాలామంది వాల్యూమ్ పెంచుతారు. ఈ కథనంలో నేను అన్నిటికంటే గట్టిగా వద్దని చెప్పే పని ఇదే. పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినాలంటే శబ్దం 80 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగానికి తగ్గిపోతుంది. హెడ్‌ఫోన్ పాడైతే మరొకటి దొరుకుతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని కణాలు చచ్చిపోతే మనిషికి మళ్లీ పుట్టవు.

అందుకే చివరి పరీక్ష ఇది. హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, తలుపు వేసుకుని, నిశ్శబ్దంలో ఒక నిమిషం కూర్చోండి. అప్పుడు కూడా గుయ్యిమనో, బుసగానో వినిపిస్తుంటే చప్పుడు హెడ్‌ఫోన్స్‌లో లేదు. ఆలస్యం చేయకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ని కలవండి.

అమ్మ ఇయర్‌బడ్స్ ఇప్పటికీ పనిచేస్తున్నాయి. వాటికైన ఖర్చల్లా ఒక మెత్తని బ్రష్, ఫోను పెట్టుకునే చోటు మార్పు. మీ డ్రాయర్లో మూలపడిన జత ఉంటే ఈ ఆదివారం బయటికి తీయండి. చార్జ్ చేసి ఒక అరగంట ఓపిగ్గా వినండి. కొత్తది కొనాలో వద్దో ఆ తర్వాతే తేల్చుకోండి.